గొంతు నేర్పిన తీగ: మాండొలిన్ శ్రీనివాస్ స్మారకోపన్యాసం

లోకమంతా మాండొలిన్ శ్రీనివాస్‌గా ఎరిగిన ఉప్పలపు శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లు. ఆయన స్మృతిలో మాట్లాడే బాధ్యతను నాకు అప్పగించిన నిర్వాహకులకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. ఈ బాధ్యత చిన్నది కాదని తెలిసే ఒప్పుకున్నాను.

శ్రీనివాస్ పుట్టింది పాలకొల్లులో, పేరు తెచ్చుకున్నది చెన్నైలో. మరి ఆయన స్మారక సభ జల్‌పల్లిలో ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. నాకు మాత్రం ఈ చోటు తగినదే అనిపించింది. ఇక్కడికి దగ్గర్లోనే పహాడీ షరీఫ్ గుట్ట ఉంది. బాబా షర్ఫుద్దీన్ దర్గాకు ఉర్సు రోజుల్లో వచ్చే ఖవ్వాలీ గాయకుల ముందు హార్మోనియం ఉంటుంది. ఆ హార్మోనియం 1840ల తొలినాళ్లలో పారిస్‌లో రూపుదిద్దుకున్న వాద్యం. దర్గాలో దాన్ని వింటున్న మనిషికి అది పరాయిదన్న ఊహే రాదు. ఎక్కడిదో ఒక వాద్యం ఒక జాతి గొంతుకు ఇంత దగ్గరగా రావాలంటే ఏం జరగాలి? ఆ పని ఎవరు చేస్తారు? ఏ వాద్యాలు వచ్చి నిలిచాయి, ఏవి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాయి? ఈ ఉపన్యాసమంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

నా వాదం ఒక్కటే. వాద్యాన్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వర్తకులు, సైనికులు, మిషనరీలు తీసుకువస్తారు. దాన్ని సంగీతంలోకి తీసుకువచ్చేవాళ్లు వేరు. వాళ్లు చెవితో నేర్చుకున్నవాళ్లు, చెవితో నేర్పినవాళ్లు. ప్రభుత్వాల ఆజ్ఞలు ఆ పనిని ఆపలేవు, సభల ఆమోదాలు ఆ పనిని చేయలేవు. దీనికి శ్రీనివాస్ జీవితం కన్నా స్పష్టమైన సాక్ష్యం మన కాలంలో నాకు కనబడలేదు. ఆ సాక్ష్యానికి తోడుగా జర్మనీ నుంచి ఇంకొక జీవితాన్ని కూడా మీ ముందు పెడతాను. ఆమె జాజ్ పియానో వాయించిన జుట్టా హిప్. ఈ ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. కానీ ఒకే ప్రశ్నకు వాళ్ల జీవితాలు రెండు వేర్వేరు జవాబులు చెప్పాయి.

ముందుగా పాలకొల్లు. శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టారు. తండ్రి ఉప్పలపు సత్యనారాయణ క్లారినెట్ కళాకారుడు. గోదావరి జిల్లాల్లో క్లారినెట్ అంటే పెళ్లి ఊరేగింపు, గుడి ఉత్సవం, బ్యాండు మేళం. శాస్త్రీయ సంగీత సభల మర్యాదలకు అది కాస్త దూరంలో ఉండే లోకం. ఆ లోకంలో సంగీతం బతుకుతెరువు కూడా, అందువల్ల అక్కడ వాద్యాల కులగోత్రాలు ఎవరూ అడగరు. వాయించగలిగితే చాలు. ఆ ఇంట్లో ఒక మాండొలిన్ ఉండేది. ఆరేళ్ల పిల్లవాడు దాన్ని చేతికి తీసుకుని తనంతట తాను పలికించడం మొదలుపెట్టాడు. తండ్రి అది చూసి, పిల్లవాడికి కొత్త మాండొలిన్ కొని ఇచ్చి, తనకు తెలిసింది నేర్పడం ప్రారంభించారు. వాసూరావు అనే గిటారు కళాకారుడి ద్వారా ఆ పిల్లవాడి చెవిన పాశ్చాత్య సంగీతం కూడా పడింది.

అక్కడితో ఆగివుంటే శ్రీనివాస్ మంచి ఆర్కెస్ట్రా కళాకారుడై ఉండేవారేమో. ఆయన దారిని మలుపు తిప్పింది తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు. ఈయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. పిల్లవాడిలోని శక్తిని గుర్తించి పాఠం చెప్పడానికి పూనుకున్నారు. అయితే ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. పాడింది విని పిల్లవాడు తీగ మీద పలికించేవాడు. ఏ మెట్టు మీద ఏ వేలు పెట్టాలో చెప్పినవాళ్లు లేరు. ఈ గమకాన్ని తీగ లాగి తెమ్మనిగానీ, జారుతూ తెమ్మనిగానీ చెప్పినవాళ్లు లేరు. గురువు గొంతులో ఏం జరిగిందో అది తీగ మీద జరగాలి. ఎలా జరగాలన్నది పిల్లవాడి వేళ్ల పూచీ.

దీన్ని ఒక లోటుగా, ఆ లోటును పిల్లవాడి మేధ పూడ్చిందని చెప్పుకోవడం రివాజు. నేను ఒప్పుకోను. అది లోటు కాదు, ఆ చదువుకు ప్రాణమే అది. మాండొలిన్ తెలిసిన గురువు దొరికి ఉంటే ఆ గురువు తన చేతికి అలవాటైన పద్ధతులు నేర్పి ఉండేవాడు. తీగకు సులువైన దారులు చూపి ఉండేవాడు. మాండొలిన్ చేయగలిగిన సంగీతమే పిల్లవాడికి అంది ఉండేది. సుబ్బరాజు గొంతుకు ఆ హద్దులు తెలియవు. చెంబై బాణీలో, నిండు కంఠంతో, అక్షరం చెక్కుచెదరని ఉచ్చారణతో నేర్చుకున్న పాట అది. వాద్యం ఇబ్బంది ఏమిటో ఎరగని పాట. ఆ పాట వాద్యాన్ని తన స్థాయికి లాక్కుంది. పాట ఎక్కడా దిగి రాలేదు.

ఇక్కడ ఆ ఇబ్బంది ఏమిటో కొంచెం విపులంగా చెప్పాలి. మాండొలిన్ ఇటలీ వాద్యం. నేపుల్స్ నగరంలో 18వ శతాబ్దంలో దాని ప్రసిద్ధ రూపం స్థిరపడింది. నాలుగు జతల తీగలు, మెడ మీద లోహపు మెట్లు, మీటితే ఠంగుమని మోగి వెంటనే ఆరిపోయే నాదం. నాదం త్వరగా ఆరిపోతుంది కాబట్టే ఆ వాద్యంలో ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటి నిలిపే పద్ధతి వచ్చింది. మన సంగీతానికి ఇది రెండు విధాల చిక్కు. మన రాగంలో స్వరం ఒక బిందువు కాదు. తోడి రాగంలో గాంధారాన్ని తీసుకోండి. అది ఒక చోట కూర్చుని ఉండదు. కింది స్వరాన్ని తాకుతూ, పైకి లేస్తూ, ఊగుతూ తన రూపం చూపుతుంది. ఆ ఊపు తీసేస్తే మిగిలేది తోడి కాదు. ఊగడానికి నాదం నిలవాలి. మెట్ల మధ్య ఉన్న చోటులోకి వెళ్లాలంటే తీగను పక్కకు లాగాలి. జంట తీగలను ఒకే కొలతలో లాగడం వేలికి కష్టం. నిలవని నాదాన్ని లాగినా ఫలితం ఉండదు.

శ్రీనివాస్ ఈ రెండు చిక్కులనూ వాద్యం స్వరూపాన్నే మార్చి తీర్చారు. బోలు గుమ్మటం ఉన్న మాండొలిన్‌ను వదిలి, గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను తీసుకున్నారు. జంట తీగలకు బదులు ఒంటి తీగలు, నాలుగింటికి బదులు ఐదు. విద్యుత్తు నాదాన్ని నిలిపింది, ఒంటి తీగ వేలి మాట వింది, ఐదో తీగ వల్ల స్థాయి విస్తరించింది. వినికిడిలో ఏది కావాలో ముందే స్థిరపడి ఉన్నందువల్ల ఆ మార్పు సాధ్యమైంది. పరికరాన్ని చూసి పాటను కుదించినవాళ్లు చాలామంది ఉన్నారు. పాటను చెవిలో పెట్టుకుని పరికరాన్ని మార్చినవాళ్లు తక్కువ.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల సందర్భంగా ఆ పిల్లవాడు మొదటి కచేరి చేశాడు. 1981 డిసెంబరు సంగీత ఋతువులో చెన్నైలో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద కూర్చున్నాడు. ఎలక్ట్రిక్ వాద్యం మీద త్యాగరాజ కృతి అన్న మాటే అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. కానీ కచేరి మొదలయ్యాక వాదనకు చోటు లేకపోయింది. ఆలాపనలో నింపాదిగా రాగం విచ్చుకుంటుంటే, కల్పనస్వరాల్లో లెక్క తప్పని వేగం వస్తుంటే, వినేవాళ్లకు వాద్యం పేరు గుర్తుకు రావడం మానేసింది. పదిహేనేళ్ల వయసుకే తమిళనాడు ప్రభుత్వం ఆయన్ను ఆస్థాన విద్వాంసుణ్ణి చేసింది.

ఈ కథను ఒక అద్భుత బాలుడి కథగా మాత్రమే చెప్పుకుంటే దాని వెనక ఉన్న చరిత్ర మరుగున పడుతుంది. రెండు వందల ఏళ్ల వెనక్కి వెళదాం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా వాద్యకారుడి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో తంజావూరు సోదరులలో ఒకరైన వడివేలుకు దంతపు వయొలిన్ బహూకరించారు. అంటే పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో గడిచేసరికి ఆ వాద్యం రాజాస్థానంలో గౌరవం పొందింది. వయొలిన్‌కు మెట్లు లేవు. కమాను లాగుతున్నంతసేపూ నాదం నిలుస్తుంది. అది మన గొంతుకు దగ్గర చుట్టం లాంటిది. దాన్ని పట్టుకునే తీరు మార్చారు, నేల మీద కూర్చుని కాలి చీలమండ మీద ఆనించారు, శ్రుతి మార్చారు. ఇవన్నీ పాట కోసం వాద్యాన్ని మార్చడమే.

ఆ వరుసలో తెలుగువారికి దక్కిన మహానుభావుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు దాని మొదటి అధ్యక్షులు. విద్యార్థిగా చేరడానికి వచ్చిన యువకుడి వాదన విని, నీవు నేర్చుకోవలసినది కాదు నేర్పవలసినదని ఆయన్నే అధ్యాపకుడిగా నియమించారని ప్రసిద్ధి. ద్వారం వారికి చూపు సరిగ్గా ఉండేది కాదు. ఆయన పాశ్చాత్య వయొలిన్ వాదనను గ్రామఫోను రికార్డుల్లో శ్రద్ధగా విన్నారు. ఆ కమాను ఒత్తిడి నుంచి, ఆ నాద మాధుర్యం నుంచి తనకు కావలసింది తీసుకున్నారు. తన సంగీతంలో ఒక్క గమకాన్ని కూడా పోగొట్టుకోలేదు. 1952లో మన దేశం వచ్చిన యెహూదీ మెనూహిన్ ఆయన వాదన విని మెచ్చుకున్నారు. ఇక్కడ నేను గుర్తు చేయదలచింది ఆ మెప్పును కాదు, ఆ వినడాన్ని. విజయనగరంలో కూర్చుని ఐరోపాను విన్న చెవి అది.

హార్మోనియం చరిత్ర ఇంత నిండుగా సాగలేదు. 19వ శతాబ్దం చివరికి కలకత్తాలో చేతితో గాలి ఊదే రూపం తయారై అది దేశమంతా పాకింది. మన పద్యనాటకం దాని మీదే నడిచింది. సురభి సమాజాల డేరాల్లో, తిరునాళ్ల వేదికల మీద, రాగం తీసే నటుడికి అది ఊపిరి అయ్యింది. కానీ దాని మెట్లు కదలవు. రెండు మెట్ల మధ్య ఉన్న స్వరాన్ని అది పలకదు. ఆలిండియా రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని చూసిన జాన్ ఫౌల్డ్స్ అనే ఆంగ్ల స్వరకర్త 1938లో దాని మీద గట్టి విమర్శ రాశారు. రవీంద్రనాథ్ ఠాగూర్‌కూ అది నచ్చేది కాదు. 1940 మార్చి నుంచి రేడియోలో హార్మోనియాన్ని నిషేధించారు. ఆ నిషేధం 1971 దాకా సాగింది. విమర్శలో పస ఉంది. ఆ వాద్యం మన స్వరాన్ని పూర్తిగా పలకలేదన్నది నిజమే. కానీ ముప్ఫై ఏళ్ల నిషేధం సాధించిందేమిటి? నాటక వేదిక మీద హార్మోనియం ఆగలేదు, భజన మందిరంలో ఆగలేదు, ఆ పక్క గుట్ట మీద దర్గాలో ఆగలేదు. ఏ స్వరాలు మూగబోయాయో జనం చెవికి తెలుసు. ఆ లోటును గొంతు పూడ్చుకుంది.

రేడియో నిషేధం అనగానే జర్మనీ గుర్తుకు రాక తప్పదు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టడం లేదని ముందే చెబుతున్నాను. మన దగ్గర జరిగింది సంగీత రుచుల గురించిన తగాదా. అక్కడ జరిగింది జాతి ద్వేషం. 1935 అక్టోబరులో నాజీ ప్రభుత్వం జర్మన్ రేడియోలో జాజ్ ప్రసారాన్ని నిషేధించింది. అది నల్లజాతివారి సంగీతం, యూదులు వ్యాప్తి చేసే సంగీతం అన్నదే వారి ఆరోపణ. ఆ తర్వాతి ఏళ్లలో హాంబర్గులో స్వింగ్ సంగీతం విన్న యువకులను నిర్బంధ శిబిరాలకు పంపిన సందర్భాలున్నాయి.

ఆ కాలంలో లైప్‌చిగ్ నగరంలో జుట్టా హిప్ పెరుగుతున్నారు. 1925 ఫిబ్రవరి 4న పుట్టారు. చిత్రకళ చదివారు. పియానో నేర్చుకున్నారు. జాజ్ నేర్పే గురువు ఆమెకు దొరికే అవకాశమే లేదు. ఆమె, ఆమె స్నేహితులు రహస్యంగా రికార్డులు విన్నారు. విదేశీ రేడియో విని పాటలను కాగితం మీదికి దించుకున్నారు. విమానాలు బాంబులు వేస్తున్న రాత్రుల్లో సైతం నేలమాళిగల్లోకి దిగకుండా పాట వింటూ ఉండిపోయిన సందర్భాలను ఆమె తర్వాత రోజుల్లో గుర్తు చేసుకున్నారు. పట్టుబడితే ఏమవుతుందో తెలిసి విన్న చెవులవి. పాలకొల్లులో సుబ్బరాజు పాట విన్న పిల్లవాడిది నిశ్చింత అయిన ఇల్లు. ఆమెది భయం ముసురుకున్న ఊరు. కానీ చదువు పద్ధతి ఒకటే. చేయి ఎలా కదలాలో చెప్పేవాళ్లు లేరు, చెవిన పడిందే పాఠం.

పియానోకూ జాజ్‌కూ మధ్య ఒక చిక్కు ఉంది. అది మన గమకం చిక్కుకు చాలా దగ్గరిది. ఆఫ్రికన్ అమెరికన్ల పాటలో కొన్ని స్వరాలు పాశ్చాత్య స్వరస్థానాల మధ్యలో ఉంటాయి. ముఖ్యంగా మూడో స్వరం, ఏడో స్వరం, పెద్దదీ కాక చిన్నదీ కాక, గొంతు వంపులో పుడతాయి. వీటిని వాళ్లు బ్లూ నోట్ అంటారు. గాయకుడికి, శాక్సఫోను వాయించేవాడికి అది సహజంగా వస్తుంది. పియానో మీట నొక్కితే ఒక్క స్వరమే, అది వంగదు. ఈ ఇబ్బందిని పియానో విద్వాంసులు చెవితోనే దాటారు. పక్కపక్క మీటలను ఒక్క లిప్తలో ఒకదాని మీదికి ఇంకొకటి జార్చారు, రెండూ కలిపి నొక్కి వాటి ఒరపిడిలో మధ్య స్వరం ఉన్నట్టు భ్రమింపజేశారు. లేని స్వరాన్ని వినేవాడి ఊహలో మోగించే కళ అది. మన హార్మోనియం విద్వాంసులు కూడా గొంతు వెనకాల సరిగ్గా ఇదే చేస్తారని తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. శ్రీనివాస్‌కు తీగను లాగే వీలుంది. పియానోకు ఆ వీలు లేదు. అందుకే కర్ణాటక సంగీతంలో మాండొలిన్ నిలబడ్డంతగా పియానో నిలబడలేదు. జాజ్‌లో మాత్రం ఆ స్వరం సూచనగా ఉన్నా చాలు, కాబట్టి అక్కడ పియానో సింహాసనం ఎక్కింది.

హిప్ 1946లో తూర్పు నుంచి పశ్చిమ జర్మనీకి వచ్చేశారు. అమెరికా సైనికుల క్లబ్బుల్లో వాయించారు, హాన్స్ కొల్లర్ బృందంలో చేరారు, తర్వాత తన సొంత బృందాన్ని నడిపారు. లెనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు ఆమె వాదన విని, ఆమె అమెరికా రావడానికి తోడ్పడ్డారు. 1955 నవంబరులో ఆమె న్యూయార్క్ చేరారు. 1956లో 52వ వీధిలోని హికరీ హౌస్‌లో నెలల తరబడి వాయించారు. ఆ ఏడాదే బ్లూ నోట్ సంస్థ ఆమె రికార్డులు చేసింది. వాటిలో శాక్సఫోను విద్వాంసుడు జూట్ సిమ్స్‌తో చేసినది నేటికీ వినదగినది. ఆ సంస్థను నెలకొల్పిన ఆల్‌ఫ్రెడ్ లయన్, ఆయనతో కలిసి దాన్ని నడిపిన ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇద్దరూ బెర్లిన్‌లో పెరిగి నాజీల పాలన వల్ల దేశం వదిలిన యూదులే. జర్మనీ వెళ్లగొట్టిన సంగీతాన్ని, జర్మనీ వెళ్లగొట్టిన మనుషులే న్యూయార్క్‌లో అచ్చు వేసి ప్రపంచానికి అందించారు.

ఆ తర్వాత ఆమె జీవితంలో జరిగినది వినడానికి బాధగా ఉంటుంది. వేదిక అంటే ఆమెకు భయం ఉండేది. వ్యాపార లోకం ఒత్తిడి ఆమెకు సరిపడలేదు. కొద్ది ఏళ్లలోనే పియానో మానేశారు. న్యూయార్క్‌లో ఒక దుస్తుల కర్మాగారంలో మూడున్నర దశాబ్దాలు పని చేశారు. బొమ్మలు వేశారు, తాను ఎరిగిన జాజ్ విద్వాంసుల వ్యంగ్య చిత్రాలు గీశారు. 2003 ఏప్రిల్ 7న కన్నుమూశారు. ఆమెకు ప్రతిభ తక్కువై కాదు ఇలా జరిగింది. ఆమె చెవికి ఎంతో దూరం నుంచి సంగీతం వచ్చింది కానీ, ఆ సంగీతంలో ఆమెను నిలబెట్టే తండ్రి, గురువు, ఊరు ఆమె వెంట న్యూయార్క్ రాలేదు. శ్రీనివాస్‌కు ఆ మూడూ ఉన్నాయి. కొడుకు చదువు కోసం కుటుంబమంతా చెన్నైకి తరలింది. చెవి వాద్యాన్ని సంగీతంలోకి తీసుకురాగలదు. వాయించే మనిషిని ఆ సంగీతంలో నిలిపి ఉంచడానికి చుట్టూ మనుషులు కావాలి. ఈ రెండో మాటను మన సంగీత చరిత్రకారులు తగినంతగా రాయలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఈ రెండు దారులూ కలిసే చోటికి వద్దాం. అది బెర్లిన్. 1964లో పశ్చిమ బెర్లిన్‌లో జాజ్ ఉత్సవం మొదలైంది. దానికి ఊపిరి పోసిన యోఆఖిమ్ ఎర్న్‌స్ట్ బేరెంట్ బాడెన్‌బాడెన్ రేడియోలో జాజ్ కార్యక్రమాలు నడిపిన రచయిత. ఆయన తండ్రి నాజీలను ఎదిరించిన క్రైస్తవ మతాచార్యుడు, 1942లో డాఖౌ నిర్బంధ శిబిరంలో చనిపోయారు. మొదటి ఏడాది ఉత్సవం కరపత్రానికి మార్టిన్ లూథర్ కింగ్ ముందుమాట రాసి ఇచ్చారు. నిషేధించిన దేశమే ఆ సంగీతాన్ని పిలిచి పీట వేయడంలో పాపప్రక్షాళన వంటి భావం ఉందని నేను అనుకుంటాను. బేరెంట్ అక్కడితో ఆగలేదు. జాజ్ ఇతర దేశాల సంగీతాలను కలవాలని కోరుకున్నారు. 1967లో భారతీయ వాద్యకారులను, ఐరీన్ ష్వైజర్ అనే స్విస్ పియానో కళాకారిణి బృందాన్ని ఒక చోట కూర్చోబెట్టి రికార్డు చేయించారు. 1972 నుంచి 1994 దాకా బెర్లిన్ ఉత్సవ బాధ్యతలు చూసినవారు బాసెల్ నగరానికి చెందిన పియానో విద్వాంసుడు, స్వరకర్త జార్జ్ గ్రుంట్స్. ఆయన కూడా 1967లోనే ట్యునీషియా బెదూయిన్ సంగీతకారులతో కలిసి వాయించి రికార్డు చేసినవారు.

1983లో ఆ ఉత్సవ వేదిక మీదికి పాలకొల్లు పిల్లవాడు ఎక్కాడు. వయసు పద్నాలుగేళ్లు. చేతిలో ఎలక్ట్రిక్ మాండొలిన్. జాజ్ శ్రోతల కోసం అతను తన సంగీతాన్ని మార్చుకోలేదు. రాగం, కృతి, తనకు తెలిసిన కచేరి అదే. శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మళ్లీ వాయించమని పట్టుబట్టారు, మరికొంతసేపు వాయించాల్సి వచ్చింది. ఆ ఏడాదే బేరెంట్ 'నాద బ్రహ్మ' పేరుతో జర్మన్ భాషలో ఒక పుస్తకం ప్రచురించారు. ఈ రెండింటికీ నేరుగా సంబంధం ఉందని నేను చెప్పడం లేదు. కానీ ఒక దేశపు శ్రోతలు ఆ ఏడాదికి ఏ నాదాన్ని వినడానికి సిద్ధమై ఉన్నారో అది తెలియజేస్తుంది.

బెర్లిన్ శ్రోతలకు రాగలక్షణం తెలియదు, కృతి అర్థం తెలియదు. మరి వాళ్లు విన్నదేమిటి? వాళ్ల చెవి అప్పటికే రెండు విషయాలకు అలవాటు పడి ఉంది. ఒకటి, స్వరాల మధ్య ఉండే చోటు. బ్లూ నోట్‌కు మరిగిన చెవికి గమకం వింతగా తోచదు. రెండు, అక్కడికక్కడ పుట్టే సంగీతం. జాజ్‌లో ఇచ్చిన పాట మీద వాద్యకారుడు తన ఊహను అల్లుతాడు. మన మనోధర్మం కూడా అదే. నెరవులో ఒక పాదాన్ని పట్టుకుని విద్వాంసుడు ఎన్ని దారుల్లో తిప్పుతాడో, కల్పనస్వరంలో ఎలా తాళంతో తలపడి సరిగ్గా ఎత్తుగడకు వచ్చి వాలుతాడో, అది జాజ్ శ్రోతకు తెలిసిన సంతోషమే. చెన్నైలో 'ఎలక్ట్రిక్ వాద్యమా' అని సందేహించినవాళ్లున్నారు. బెర్లిన్‌లో ఆ సందేహానికి తావే లేదు, ఎందుకంటే అక్కడ వాద్యం ఏదన్నది ప్రశ్న కాదు, ఇప్పుడు ఏం పుడుతోందన్నదే ప్రశ్న. తన సంగీతాన్ని ఏమాత్రం పలచబరచకుండా ఆ వేదికను గెలవవచ్చునని పద్నాలుగేళ్ల వయసులో తెలియడం శ్రీనివాస్ జీవితమంతటికీ దిక్సూచి అయిందని నా నమ్మకం.

ఆ తర్వాతి ప్రయాణాన్ని క్లుప్తంగానే చెబుతాను, అది చాలామంది ఎరిగినదే. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ కళోత్సవంలో వాయించారు. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' ఆల్బమ్ వెలువరించారు. ఆంగ్ల గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందంలో సెల్వగణేశ్, శంకర్ మహదేవన్‌లతో పాటు చేరి దేశదేశాలు తిరిగారు. 1998లో పద్మశ్రీ, 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2008లో 'సంజనిత' ఆల్బమ్ చేశారు. తమ్ముడు రాజేశ్ కూడా మాండొలిన్ విద్వాంసుడే. అన్నతో కలిసి ఎన్నో కచేరీలు చేశారు.

నా నిశ్చితాభిప్రాయం ఒకటి చెప్పాలి. ప్రపంచ వేదికల మీద ఆయన చేసిన ప్రయోగాలన్నీ నాకు ఇష్టమే. కానీ ఆయన గొప్పతనం అసలు చోటు కచేరీలోనే ఉంది. మెక్‌లాఫ్లిన్ గిటారుకు జవాబుగా మెరుపులా వచ్చే ఆయన వాదన వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక నెమ్మదైన రాగాన్ని తీసుకుని, తొందర లేకుండా, ఒక్కొక్క స్వరాన్ని గొంతులా పలికించే ఆయన ఆలాపన వింటే మాత్రం ఇది తీగ అన్న సంగతి మరుపుకు వస్తుంది. ఆ క్షణంలో వినబడేది సుబ్బరాజు గొంతు, దాని వెనక చెంబై గొంతు. ఇటలీ వాద్యం మీద చెంబై పాట, గోదావరి మట్టి మీద పెరిగిన చేతులతో. విదేశీ సహకారాల జాబితాలు చూసి ఆయన్ను ప్రపంచ సంగీతపు మనిషి అని రాసేవాళ్లు ఈ లోపలి సంగతిని దాటి పోతున్నారు. ఆయన ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా ఆ గొంతునే తీసుకువెళ్లారు. అందుకే అన్ని చోట్లా ఆయన కొత్తగా వినిపించారు.

పాఠాలు తెర మీద చూసి నేర్చుకునే రోజులివి. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపే దృశ్యాలు కావలసినన్ని ఉన్నాయి. ఇవి మేలు చేయవని నేను అనను. కానీ చూసి నేర్చుకున్న చేతికి, విని నేర్చుకున్న చేతికి తేడా ఉంది. చూసినవాడికి ఇంకొకరి దారి దొరుకుతుంది. విన్నవాడు తన దారి తాను వెతుక్కోక తప్పదు, ఆ వెతుకులాటలోనే వాద్యం కొత్త రూపం తీసుకుంటుంది. ఇక్కడున్న సంగీతోపాధ్యాయులకు నా మనవి ఇది: మీ శిష్యుడు పట్టుకున్న వాద్యం మీకు రాకపోయినా ఫర్వాలేదు. కీబోర్డు కావచ్చు, గిటారు కావచ్చు, రేపు ఇంకేదైనా కావచ్చు. మీరు నిండుగా పాడండి. ఆ వాద్యానికి సులువైనంతవరకే పాడి ఆపకండి.

చివరిగా ఈ సభ నిర్వాహకులకు ఒక ప్రతిపాదన. శ్రీనివాస్ గురించి పత్రికలు రాశాయి, రికార్డులు ఉన్నాయి, పురస్కారాలు ఉన్నాయి. రుద్రరాజు సుబ్బరాజు గురించి మనకు అందివున్నది ఆయన శిష్యుడి జీవితకథలో వచ్చే కొన్ని వాక్యాలే. తనకు రాని వాద్యానికి పాఠం చెప్పిన ఆ గురువు ఎలా పాడేవారు, పాఠం ఎన్ని గంటలు సాగేది, పిల్లవాడు తప్పు పలికితే ఎలా దిద్దేవారు, ఏ కృతితో మొదలుపెట్టారు, చెంబై దగ్గర ఆయన ఏళ్లు ఎలా గడిచాయి? ఆయన్ను ఎరిగినవాళ్లు, ఆయన దగ్గర కూర్చున్నవాళ్లు గోదావరి జిల్లాల్లో ఉంటే వాళ్ల మాటలను వాళ్ల నోటితోనే రికార్డు చేయాలి. శంషాబాద్ విమానాశ్రయానికి దేశదేశాల నుంచి వచ్చే పరిశోధకులకు పాలకొల్లు ఒక రాత్రి ప్రయాణం. ఈ స్మారకోపన్యాసాల వరుసలో రాబోయేది సుబ్బరాజు మీద ఉండాలని, దానికి కావలసిన సేకరణ ఈ ఏడాదే మొదలుపెట్టాలని కోరుతున్నాను. ఆ పనికి నా వంతు శ్రమ అందించడానికి సిద్ధంగా ఉన్నాను.